బస్తరు చరిత్రలో కర్త ఎవరు?

ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు గోదావరి దాటిపోయి బస్తరు అరణ్యములలో రాజ్యము స్థాపించినాడనుట తెలుగు పాఠకునికి తెలిసిన గాథ. కాకతీయులను గూర్చిన వ్యాసములు, కథలు తరచుగా ఈ వాక్యముతోనే ముగియుచుండును. 1323లో ఆరిపోయిన దీపము మరియొక చోట వెలిగినదను తృప్తి ఆ గాథలో ఉన్నది. ఆ వెలుగులో ఎవరు ఎట్లు బ్రతికినారను ప్రశ్న మాత్రము లేదు. 1854లో నాగపురము ఆంగ్లేయుల వశమైన నాటి నుండి 1948 జనవరి 1న సంస్థానము మధ్యపరగణాలలో విలీనమగు వరకు బస్తరులో జరిగినది ఒక పెద్ద కథ. గోదావరికి ఆవలి ఒడ్డుననే జరిగిన ఆ కథకు తెలుగు వాఙ్మయములో దొరికిన చోటు మిక్కిలి స్వల్పము.

ఆ కాలమును గూర్చి వ్రాతలు లేక కాదు. శాసనములు, యాత్రాకథనములు, అధికారుల నివేదికలు, గెజిటీరులు, మానవశాస్త్ర గ్రంథములు, చివరకు ఒక రాజు స్వయముగా వ్రాసికొన్న పుస్తకము కూడ ఉన్నవి. చరిత్రకారుడు వీనిలో విషయమును వెదకును. విమర్శకుడు వెదకవలసినది వాక్యమును. ఏ వాక్యములో ఎవరు కర్త, ఎవరు కర్మ, ఎవరి పేరు క్రియ వెనుక దాగినది అని అడిగినచో, బస్తరు వ్రాతలు తాము చెప్పదలచిన దానికంటె ఎక్కువ చెప్పును. ఈ పరీక్షకు తెలుగు భాష ప్రత్యేకముగా తగినది. ఎందువలననో ముందు తేలగలదు.

మొదట శాసనముల సంగతి. బారసూరులో శక సంవత్సరము 983, అనగా క్రీ. శ. 1060 నాటి తెలుగు శాసనము ఒకటి ఉన్నది. ఛిందక నాగరాజైన జగదేకభూషణుని కాలములో మహామండలేశ్వర చంద్రాదిత్యుడు ఆలయమును నిర్మించిన విషయము అందులోనిది. అన్నమరాజు గాథకు రెండున్నర శతాబ్దములకు మునుపే బస్తరులో రాతిమీద తెలుగు ఉన్నదని దీనివలన తెలియుచున్నది. కావున బస్తరుతో తెలుగువారి సంబంధము ఒక రాజకుమారుని పలాయనముతో మొదలైనది కాదు. కాని కథకులు ఎంచుకొన్నది పలాయనమునే. దానికి కారణము దంతేవాడలో ఉన్నది.

దిక్పాలదేవుడను రాజు 1703లో దంతేశ్వరి గుడిలో రెండు శిలలు నిలిపినాడు. ఒకటి సంస్కృతము, రెండవది దేశభాష. వ్రాసినవాడు రాజగురువు భగవాన్ మిశ్రుడు. కలియుగములో సంస్కృతము చదువువారు కొద్దిమందియే ఉందురు గనుక రెండవ రాతిపై భాషలో వ్రాసితినని ఆయనయే కారణము చెప్పినాడు. అనువాదకులు ఈ పండితుని తమ పూర్వికునిగా చెప్పుకొనవచ్చును: పాఠకుని తలచుకొని వ్రాసినవాడు ఆయన. అన్నమరాజు ఓరుగల్లు వదలి బస్తరు వచ్చిన మాట ఈ శిలలమీదనే ఉన్నది. అయితే ఓరుగల్లు పతనమునకు, ఈ శాసనమునకు మధ్య 380 ఏండ్లు గడచినవి. దుర్జయుని సంతతిగా తమను చెప్పుకొన్న కాకతీయులను ఈ శాసనము పాండవుల సంతతిగా చేసినది. ఇది ప్రశస్తి. ప్రశస్తి అబద్ధమనుట తొందరపాటు. దానిని సాక్ష్యమనుట అంతకంటె తొందరపాటు. వంశమునకు గౌరవము కూర్చుట దాని పని. దాని వాక్యములో కర్త ఎల్లప్పుడు రాజే. యాత్రోత్సవమున బలియైన పశువుల రక్తముతో శంఖినీ నది ఎఱ్ఱబారినదని చెప్పినప్పుడు కూడ ఆ ఎఱుపు రాజు భక్తికి కొలతయే. ఆ పశువులను ఎవరు తెచ్చినారు, ఏ ఊళ్లు ఇచ్చినవి అను మాటకు ఆ శిలపై చోటు లేదు.

రెండవ తరగతి వ్రాత ఆంగ్లేయులతో వచ్చినది. 1795లో కెప్టెన్ బ్లంటు అను సైనికాధికారి కాశీ దగ్గరి చునారు నుండి బయలుదేరి ఏలూరు సర్కారులోని యర్నగూడెము వరకు దారి కొలుచుటకు వచ్చినాడు. ఆయన యాత్రాకథనమును ఏషియాటిక్ రిసెర్చెస్ ఏడవ సంపుటములో అచ్చువేసినారు. భోపాలపట్నము దగ్గర గోండులు ఎదిరించి ఆయన బృందమును బస్తరులోనికి రానీయలేదు. గోదావరి జిల్లాల పాఠకునికి ఈ ప్రయాణపు చివరి ఊరు ఇంటి పేరు వంటిది. మధ్యలోని అడవి మాత్రము అపరిచితము. బ్లంటు దృష్టిలో ఆ అడవి ఒక అడ్డంకి. అడ్డుకొన్నవారు దారిలోని ప్రమాదములు. అయినను ఆ కథనములో ఒక నిజాయితీ ఉన్నది. ఎదిరించినవారు అందులో ఎదిరించినారు. ఆ క్రియకు వారే కర్తలు. తరువాతి కాగితములలో వారికి ఆ మాత్రము గౌరవము కూడ తగ్గిపోయినది.

1861లో మధ్యపరగణాలు ఏర్పడిన పిదప బస్తరు సామంతరాజ్యమైనది. దానిపై పర్యవేక్షణ కొంతకాలము సిరొంచ నుండి, ఎగువ గోదావరి జిల్లా డిప్యూటీ కమిషనరు చేతులమీదుగా జరిగినది. ప్రాణహిత గోదావరిలో కలియు చోట, కాళేశ్వరమునకు ఎదుటి ఒడ్డున ఉన్న తెలుగు మాటల ఊరు సిరొంచ. 1874 వరకు భద్రాచలము కూడ ఆ జిల్లాలోనిదే. అచట అధికారిగానున్న గ్లాస్‌ఫర్డు 1862లో బస్తరును గూర్చి నివేదిక వ్రాసినాడు. ఆయన కాలములోనే, 1859లో, దక్షిణ బస్తరు జమీందారీలలో హైదరాబాదు వర్తకులు గుత్తకు తీసికొని చెట్లు నరికించుచుండగా కోయలు, దోర్లలు తిరుగబడినారు. ఒక చెట్టునకు ఒక తల అనునది వారి ప్రతిన అని అక్కడి చరిత్రకారులు చెప్పుదురు. ఆ ప్రతినలో వ్యాకరణము స్పష్టము: చెట్టును నరికినవాడు ఒకడున్నాడు, వాని తల ఒకటున్నది.

నివేదికల వ్యాకరణము వేరు. ఇంగ్లీషులో అధికారి వ్రాయు వాక్యమునకు కర్మణి ప్రయోగము ప్రాణము. దానిని తెలుగు చేయబూనిన అనువాదకునికి 'అడవి రిజర్వు చేయబడినది', 'గ్రామములు దండింపబడినవి', 'శాంతి నెలకొల్పబడినది' అను ధోరణి వాక్యములు వరుసగా ఎదురగును. ఈ 'బడు' తెలుగు నుడికారమునకు ఇంపు కాదని పెద్దలు పలుమార్లు చెప్పినారు. తెలుగు వాక్యము కర్తను కోరును. కనుక మంచి అనువాదకుడు అడవిని ఎవరు రిజర్వు చేసినారు, గ్రామములను ఎవరు దండించినారు అని వెదకక తప్పదు. శైలి కొరకు మొదలైన ఆ వెదకులాట చరిత్రలోనికి దారి తీయును. అధికార భాష దాచినదానిని నుడికారపు పట్టుదల బయట పెట్టుట అరుదైన సంగతి. బస్తరు విషయములో అది జరుగుచున్నది.

కాని వెదకినచో దొరకు మొదటి కర్త రాజు. సంస్థాన పరిపాలనలో ఆజ్ఞలు రాజు పేర వెలువడును. ఆ రాజు ఎవరు? భైరమదేవుడు 1891లో మరణించినప్పుడు కుమారుడు రుద్రప్రతాపదేవుడు పసివాడు. 1908లో ఆయన చేతికి అధికారము వచ్చు వరకు పదునేడేండ్లు ప్రభుత్వము నియమించిన అధికారులే రాజ్యము నడిపినారు. ఆయన 1921లో మరణించగా కుమార్తె ప్రఫుల్లకుమారీదేవి చిన్నతనముననే రాణియైనది. 1936లో ఆమె లండనులో మరణించినప్పుడు కుమారుడు ప్రవీరచంద్ర భంజదేవునికి ఏడేండ్లైనను నిండలేదు. ఆయనకు పూర్తి అధికారములు వచ్చినది 1947లో. ప్రఫుల్లకుమారి బాల్యమును లెక్కలో చేర్చకపోయినను, 1891 మొదలు 1947 వరకు గల 56 ఏండ్లలో 28 ఏండ్లు సింహాసనముపై ఉన్నది బాలుడే. ఆజ్ఞలు మాత్రము ఆగలేదు.

ఇచట తెలుగు వ్యాకరణము మరియొక సాయము చేయును. 'చేయబడినది' అనుట కర్తను దాచుట. 'రాజు చేసినాడు' అనుట కర్తను మార్చుట. సత్యమునకు సరిపడు రూపము ప్రేరణార్థకము: చేయించినారు. రాజు చేత చేయించినారు, దివాను చేత చేయించినారు, జమీందారు చేత చేయించినారు, చివరకు ఊరివాని చేతనే వెట్టి చేయించినారు. సంస్థానములలో ఆంగ్లేయుల పాలన ఎట్టిదని అడుగువారికి పెద్ద గ్రంథము చూపనక్కరలేదు. 'ఇంచు' అను ప్రత్యయము చూపిన చాలును. ఆ ప్రత్యయము వెనుక కూర్చున్నవాడే నిజమైన పాలకుడు. అతడు కనుపింపకుండుటయే ఆ పాలనలోని నేర్పు. 1876లో జగదల్‌పూరును చుట్టుముట్టిన మురియాలు ఈ నేర్పును సగము గ్రహించినట్లున్నది. వారి ఫిర్యాదు దివాను గోపీనాథ్ కపర్దారు, మున్షీ ఆదితప్రసాదులపై. వేల్సు యువరాజును దర్శింప బయలుదేరిన రాజును పోవలదని వారు దారిలో నిలిపినారు. తమను ఆ అధికారుల చేతికి వదలి పోవుట వారికి సమ్మతము కాలేదు. రాజును వారు కర్తగా నమ్మినారు. ఆ నమ్మకమును పామరత్వమనుట సులభము. సమీపముననున్న చేయిని పట్టి వెనుకనున్న చేయిని కదల్చు ప్రయత్నమనుట న్యాయము.

బస్తరు వ్రాతలలో అన్నిటికంటె ఆలోచింపదగిన రెండు గ్రంథములు 1908, 1909 సంవత్సరములలో వచ్చినవి. మొదటిది కేదారనాథ ఠాకూరు హిందీలో వ్రాసిన బస్తర్ భూషణ్. రెండవది డి బ్రెట్ కూర్చిన ఛత్తీస్‌గఢ్ సామంతరాజ్యముల గెజిటీరు. 13,062 చదరపు మైళ్ల విస్తీర్ణము, 1901 లెక్కలలో 3,06,501 జనాభా గల రాజ్యపు అడవులు, పంటలు, జాతులు, భాషలు, పన్నులు అచ్చుపుటలలోనికి చేరిన కాలమది. అప్పటికే 1905లో అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయు ప్రతిపాదన వచ్చియున్నది. పోడును, వేటను, అటవీ ఫలసేకరణను ఆపవలెనని అందులోని సంకల్పము. వెట్టి ఉన్నది. 1907-08లో కరవు వచ్చి పోయినది. గెజిటీరు అచ్చైన మరుసటి సంవత్సరమే, 1910 ఫిబ్రవరిలో, బస్తరు లేచి నిలిచినది. దానిని భూమ్‌కాల్ అందురు. వర్ణన ఎంత సమగ్రమైనను వర్ణితుని మనస్సు అందులో ఇముడదని చెప్పుటకు ఇంతకంటె ఉదాహరణము అక్కరలేదు. లెక్కలోనికి వచ్చినవాడు లెక్క తీయుట మొదలుపెట్టినాడు.

ఆ తిరుగుబాటు పిలుపు కాగితముపై సాగలేదు. మామిడి కొమ్మ, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణములు ఊరి నుండి ఊరికి నడచినవి. కాంగేరు అడవిలోని ధురువలు ముందు కదలినారు. ఊరూర ఖర్చులకు తలా ఒకింత ఇచ్చినారు. అంగళ్లు, అధికారుల ఇండ్లు, ఠాణాలు, బడులు దోపిడికి, నిప్పుకు గురియైనవి, ధాన్యమును పంచుకొన్నారు. సైన్యమునకు అదుపు దొరకుటకు ఫిబ్రవరి నుండి మే వరకు పట్టినది. అనంతరము ప్రభుత్వము రిజర్వు పనిని కొంతకాలము ఆపి, ఉద్దేశించిన విస్తీర్ణమును సుమారు సగమునకు తగ్గించినది. నెతానారు గ్రామపు గుండా ధూర్ చేతికి చిక్కలేదు.

ఆ పిలుపునకు వెనుక ఒక భావన ఉన్నది. తమ ఊరికి నేలను ఇచ్చినది భూమి అని బస్తరు గ్రామీణులు నమ్ముదురు. ప్రతిగా ఆమెకు నైవేద్యము పెట్టుదురు. పొరుగూరి అడవిలో కట్టె కొట్టుకొన్నచో ఆ ఊరికి దేవసారి, దండ్ లేక మాన్ అను చిన్న రుసుము చెల్లింతురు. ఇచ్చినవారు ఎవరు, పుచ్చుకొన్నవారు ఎవరు, చెల్లించువారు ఎవరు అనునది అందులో నిస్సందేహము. అట్టి వాక్యములో జీవించువారి వద్దకు 'అడవి రిజర్వు చేయబడినది' అను కర్త లేని వాక్యము వచ్చినది. 1910లో ఢీకొన్నవి బాణములు, తుపాకులు మాత్రమే కావు; అడవిని గూర్చిన రెండు వాక్యములు కూడ ఢీకొన్నవి.

భూమ్‌కాల్ ఎవరి పని అనుటలో కూడ ఈ చిక్కే వచ్చినది. రాజు పినతండ్రి వరుసవాడు, పూర్వపు దివాను అయిన లాల్ కాలేంద్రసింగు, రాణి సుబరన్ కుంవరి ఇందులో ఉన్నారు. దీనిని బట్టి ఇది అంతఃపుర కుట్రయే అని ఒక వాదము. అడవిలోని మనిషికి తనంతట తనకు కోపము రాదనునది ఆ వాదములోని గూఢార్థము. అనగా అతనిని 'ఇంచు' ప్రత్యయము క్రిందికి తెచ్చుట. దీనికి ఎదురుగా, ఇది కేవలము ప్రజల పని, కోటకు ప్రమేయము లేదను వాదము వినుట కింపైనది. కాని ఉన్నవారిని లేరని చెప్పును. కోటలోని అసంతృప్తి, అడవిలోని ఆకలి ఒకే నెలలో ఒకే దారిన నడచినవనుట రెండింటికి న్యాయము చేయును.

ఆ తరువాతి తరగతి మానవశాస్త్రము. గ్రిగ్సను 1927 నుండి 1931 వరకు బస్తరు పరిపాలకుడు. ఆయన మరియా గోండులను గూర్చి వ్రాసిన గ్రంథము 1938లో వచ్చినది. పాలించిన చేయియే వర్ణించినది. వెరియర్ ఎల్విన్ మరియాల హత్యలను, ఆత్మహత్యలను గూర్చి 1943లో ప్రకటించిన గ్రంథమునకు న్యాయస్థానపు కాగితములు ముఖ్యమైన ఆధారము. అడవి మనిషి మాట మొదటిసారి విస్తారముగా వ్రాతలోనికి వచ్చినది అందులోననుట అతిశయోక్తి కానేరదు. అయితే అతడు మాటలాడినది ముద్దాయి బోనులో నిలిచి, దుబాసీ నోట. ఎల్విన్ సానుభూతి నిజమైనది. ఆ సానుభూతి కూడ దాటలేని గోడ అది. అనువాదకుడు గుర్తుంచుకొనవలసినది: అతని 'నేను' కూడ అప్పటికే అనువాదము.

చివరకు 1966లో ప్రవీరచంద్ర భంజదేవుడు ఇంగ్లీషులో వ్రాసిన పుస్తకము 'ఐ' అను ఉత్తమపురుష సర్వనామముతోనే పేరు మొదలుపెట్టుకొన్నది. తనను ఆదివాసుల దైవముగా చెప్పుకొన్నది. అదే సంవత్సరము మార్చి 25న జగదల్‌పూరు కోటలో పోలీసు కాల్పులలో ఆయన మరణించినాడు; ఆయనతో పలువురు ఆదివాసులు కూడ. బాల్యమంతయు ఇతరుల వాక్యములకు నామమాత్రపు కర్తగా ఉన్నవాడు 'నేను' అనుటలో ఒక విషాదమున్నది. కాని రాజు 'నేను' ఊరివాని 'నేను' కాదు. దైవమని చెప్పుకొన్నవాడు భక్తుని పక్షమున మాటలాడగలడు. భక్తుని నోరు కాలేడు.

ఈ వ్రాతలన్నిటి ఎదుట తెలుగు రచయితకు రెండు ప్రలోభములున్నవి. మొదటిది వంశాభిమానము: బస్తరును ఓరుగల్లు చివరి అధ్యాయముగా వ్రాయుట. అది దిక్పాలుని శిలకు తెలుగు నకలు మాత్రమే అగును. రెండవది మరింత ఆకర్షణీయమైనది. 1922-24 నాటి మన్యపు పోరాటము తెలుగువారి పాటలలో, నాటకములలో, చలనచిత్రములలో స్థిరపడినది. శబరికి ఆవలి గుండా ధూర్‌ను అదే అచ్చులో పోసి మరియొక అల్లూరిని చేయవలెనని తోచును. అల్లూరి సీతారామరాజు చదువుకొన్నవాడు, మన్యమునకు వెలుపలి నుండి వచ్చినవాడు. గుండా ధూర్ ఆ ఊరివాడు, దొరకనివాడు. అతని మాటలను కల్పించి అతని నోట పెట్టు నవల, ఎంత ప్రేమతో వ్రాసినను, క్రొత్త ప్రశస్తి అగును. దొరకకపోవుటయే అతని కథ అని గ్రహించిన నవల వచ్చినచో అది తెలుగులో క్రొత్త మేలగును.

అంతకు ముందు జరుగవలసిన పని చిన్నది, కష్టమైనది. బారసూరు, దంతేవాడ శాసనములు, బ్లంటు కథనము, గ్లాస్‌ఫర్డు నివేదిక ఒకచోట తెలుగులోనికి రావలెను. హల్బీ, గోండి, దోర్లీ పలుకుబడులలో భూమ్‌కాల్‌ను గూర్చి నిలిచియున్న మాటలను ఆ భాషలు ఎరిగినవారి సాయముతో, వారి పేర్లతో చేర్చవలెను. భగవాన్ మిశ్రుడు తన పాఠకుని తలచుకొని రెండవ శిల చెక్కించినాడు. శాసనములో లేని మనిషిని తలచుకొనుట నేటి అనువాదకుని వంతు. ఆ కాగితములను ముందు పెట్టుకొని కూర్చున్నవాడు 'బడు' వచ్చిన ప్రతిచోట కలము ఆపి, ఎవరు అని అడుగవలెను. జవాబు దొరకినచో వ్రాయవలెను. దొరకని చోట కర్త దొరకలేదని చెప్పవలెనే కాని, రాజును తెచ్చి అక్కడ నిలుపరాదు.